గోపిక రెండోసారి చెప్పిన మాట

మళ్లీ ఆ గుర్రాల సినిమానే పెట్టినావా? ఆపు మామా. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. జీవాలు నీళ్లు తాగి నీడన పడుకున్నాయి, పొద్దు వాలేదాకా నీకు మంద కాడ పని లేదు. అది చూసుకొనే వచ్చి కూర్చున్నాను.

నవ్వుతా ఉండావు కూడా. ఏంది ఈసారి? గుండు ఎడం చేతికి తగిలితే కట్టు కుడి చేతికి వచ్చిందా? నాకేం చూపించబాక. చూసీ చూసీ నాకూ కంటపడతానే ఉండాయిలే. వాడు దినమంతా దుమ్ములో గుర్రం తోలి వస్తాడు, చొక్కా చాకింటి నుంచి తెచ్చినట్టే ఉంటాది. ఆకాశంలో విమానం పోయిన తెల్ల గీత. ఆ కాలంలో విమానం యాడిది, అంటావు.

కాపురానికొచ్చిన కొత్తల్లో ఉదయగిరి టాకీసుకి తీసకపోయినావే, గుర్తుందా? ఆరు గుండ్ల తుపాకీతో తొమ్మిదిసార్లు కాల్చినాడని పక్కన లెక్కపెడతా కూర్చున్నావు. తరవాత ఆవుల మంద పోతా ఉంటే, "ఆ చెవి తెగిన ఆవు ఇందాకే పోయింది గదా, ఉండే నాలుగింటినే చుట్టూ తిప్పతా ఉండారు" అని గట్టిగా అన్నావు. ముందు వరసలోవాళ్లు తిరిగి చూస్తే నాకు తల కొట్టేసినట్టయింది. లోపల మాత్రం మురిసిపోయినాన్లే. మా ఆయన కంట్లో పడకుండా ఏదీ పోదని.

ఆ పిచ్చి మన గోపికకి కూడా అంటించినావు. చిన్నప్పుడు నీ పొట్ట మీద పడుకొని చూసేది. నువ్వు కట్టు మారిందంటే అది టోపీ మారిందనేది. ఆత్మకూరులో కాలేజీకి పోయినాక నిన్ను మించిపోయింది. ఆ ఏటికి ఆ తుపాకీ ఇంకా పుట్టనే లేదు నాయనా అని ఫోన్లో వెతికి చూపించేది. నీ మాటలు వీడియో తీసి పెడితే ఉదయగిరి టీ కొట్టు కాడ కూడా నిన్ను ఆపి అడిగినారంటివే.

ఒకసారి ఏం చెప్పింది నీకు? ఆ ఎర్ర ఇండియన్లని ఊళ్ల మీద పడి దోచుకునేవాళ్లుగా చూపిస్తారు గానీ, ఆ నేలే వాళ్లది, ఈ టోపీలోళ్లే పోయి లాక్కున్నారు, అదీ నాయనా అసలు తప్పు అనింది. నువ్వేమన్నావు? అది తప్పుల కిందికి రాదమ్మీ, అది కథ, అన్నావు. టోపీ మారితే తప్పంట. దొంగెవరో మారిపోతే కథంట.

ఆ బిడ్డతో మాట్లాడి ఎన్నాళ్లయింది నువ్వు?

లేదు, లేవబాక. ఈరోజు వినాల్సిందే. రేపు ఆత్మకూరు కోర్టులో దాన్ని సాక్షిగా నిలబెడతారు. నువ్వు రానన్నావు. రెండు మాటల మనిషి పక్కన నేను నిలబడను అన్నావు, నీ కడుపున పుట్టిన బిడ్డని.

మీ తమ్ముడు కోటేశు నెల్లూరు ఆసుపత్రిలో పడి ఉండాడు. ఆ కాలు మళ్లీ మంద వెంట నడవదని డాక్టరు చెప్పేసినాడు. గుద్దింది పెద్దింటి రామనారాయణ గారి కారేనని ఊరికంతా తెలుసు. తోలింది ఎవరనేదే గదా గొడవ. కోటేశుకి ఏమీ గుర్తు లేదు. వెనకమాల గొర్రెపిల్లల్ని తోలుకొస్తా ఉండిన గోపిక ఒక్కతే చూసింది.

ఆ సాయంత్రం ఇంటికి పరిగెత్తుకొచ్చి ఏం చెప్పింది? పెద్దాయన కొడుకు చైతన్య తోలినాడు, తెల్ల చొక్కా, దిగి చిన్నాయన్ని చూసినాడు, మళ్లీ ఎక్కి పోయినాడు. ఇంతే గదా. తరవాత స్టేషన్లో రాయించింది వేరే. డ్రైవరు సామ్యేలు తోలినాడు, ఖాకీ చొక్కా, అని. సామ్యేలుని లోపలేసినారు.

నువ్వు పట్టేసినావు. వాకిట్లో పదిమంది కూర్చొని ఉండగా దాన్ని నిలబెట్టి అడిగినావు. మొన్న తెల్ల చొక్కా నేడు ఖాకీ చొక్కా ఎట్టయింది, మొన్న కొడుకు నేడు డ్రైవరు ఎట్టయినాడు, నీ మాటకి నిలకడ ఏది అని. అందరూ విన్నారు. ఇప్పుడది మళ్లీ మొదటి మాటే చెప్తానంటే పెద్దింటోళ్లు ఏమంటా ఉండారో తెలుసా? ఆ పిల్ల మాట వాళ్ల నాయనే నమ్మడు, కోర్టేం నమ్ముతాది అంటా ఉండారు.

నిన్న సామ్యేలు వాళ్లమ్మ రాహేలమ్మ వచ్చింది. నువ్వు మంద కాడ ఉండావు. తిడతాదేమో అనుకున్నాను. తిట్టలేదు. గడప బయటే నిలబడి బిడ్డని ఒక్క మాట అడిగింది.

"అమ్మా, నా కొడుకుని నువ్వు చూసినావా?"

గోపిక లోపలికి పోయి తలుపేసుకుంది. అప్పటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

ఒకటి ఆలోచించు. అంత డబ్బు పోసి, తప్పులు రాకుండా చూసేదానికే ఒక మనిషిని పెట్టుకొని తీసే సినిమాలోనే చొక్కా మారిపోతా ఉంటే, కళ్ల ముందర చిన్నాయన నెత్తురు కారతా పడి ఉంటే, పంతొమ్మిదేళ్ల పిల్లకి ఏ రంగు చొక్కా అని...

కాదులే. ఇది నేను నీ కోసం తయారు చేసుకొచ్చిన మాట. ఇదీ అబద్ధమే. దానికి రంగులో తేడా రాలేదు మామా. అది సరిగ్గానే చూసింది.

కోటేశుని నెల్లూరుకి ఎక్కించిన మర్నాడు చైతన్య వాళ్లమ్మ కామాక్షమ్మ గారు మనింటికి వచ్చినారు. ఏనాడన్నా మన గడప తొక్కిందా ఆయమ్మ? వచ్చి ఈ మంచం మీదే కూర్చునింది. మజ్జిగ ఇస్తే తాగింది. కోటేశుకి ఎట్టుండాది అనింది, గోపిక చదువెట్టుండాది అనింది. కొడుకు పేరు ఎత్తలేదు. పోతా పోతా వాకిట్లో ఆగింది.

"ఎండలు ముదిరితే మీ మంద మా చేలల్లోనే గదా దిగేది, ఆదిశేషమ్మా."

అంతే. ఇంకేమీ అన్లేదు.

స్టేషన్‌కి పోయేటప్పుడు ఆత్మకూరు బస్సులో నేనే చెప్పినాను బిడ్డకి. కనపడిందంతా చెప్పాల్నని యాడుండాది అన్నాను. సామ్యేలుకి ఏం కాదు, పెద్దాయనే విడిపించుకుంటాడు అన్నాను. వాళ్ల చేలల్లో దింపనీకపోతే మన జీవాలు నోళ్లు కట్టుకొని చస్తాయి అన్నాను. ఆ ఖాకీ చొక్కా కూడా నేను తొడిగిందే. బిడ్డ దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తా ఉండింది.

నువ్వు వాకిట్లో దాన్ని కడిగేస్తా ఉంటే నేను ఈ గుంజ పట్టుకొని నిలబడి ఉండాను. అది నా వైపు ఒక్కసారి చూసింది. అమ్మ చెప్పమనింది అని ఒక్క మాటంటే దాని మీద నింద ఉండేదా? అన్లేదు. ఈరోజు దాకా ఎవరి కాడా నా పేరు ఎత్తలేదు. నేను కూడా నోరు తెరవలేదు. తల్లిని గదా, నేను తెరవలేదు.

ఏందది?

ఉలిక్కిపడతావనుకున్నాను. తిడతావనుకున్నాను. నువ్వేంది, నేల చూస్తా కూర్చున్నావు?

మామా. ఆ కామాక్షమ్మ వచ్చిన రోజు నువ్వు దొడ్డిలో ఉండావు. గొర్రెకి గిట్టలు కోస్తా ఉండావు. దొడ్డికీ వాకిలికీ మధ్య తడికే గదా ఉండేది.

నా మొహం చూసి చెప్పు. విన్నావా?

ఓహో. విన్నావు.

మొన్న కొడుకు నేడు డ్రైవరు ఎట్టయినాడని అడిగినావే. ఎట్టయినాడో తెలిసే అడిగినావన్నమాట. ఇంక ఏం చెప్పినా ఎవరూ నమ్మకుండా చేసినావు నా బిడ్డని. నేను భయపడి బస్సులో గుసగుసగా చేసింది, నువ్వు పదిమందిలో గొంతెత్తి చేసినావు. మంద కోసమే గదా? నేనూ మంద కోసమే.

చేతులు పట్టుకోబాక. వదులు.

రేపు పొద్దున మొదటి బస్సుకి నేనూ బిడ్డా పోతాం. చైతన్య పేరు అది చెప్తాది. మాట మార్పించింది నేనేనని నేను చెప్తాను. నన్ను ఏం చేస్తారో చేసుకోనీ. మంద యాడ దింపాలో నువ్వు చూసుకో. కలిగిరి పక్కకి తోలుకుంటావో, జలదంకి దాకా తోలుకుంటావో, సంతలో తెగనమ్ముతావో నీ ఇష్టం.

బిడ్డకి మాత్రం ఈ సంగతి చెప్పన్లే. నువ్వు తెలిసే అన్నావని చెప్పను. మా నాయన పొరబడినాడు అని ఏడుస్తా ఉండాది లోపల. అట్టే అనుకోనీ.