టీ తాగి రమ్మన్న మేడంగారికి

వేదిక మీదున్న అధ్యక్షులవారికి, మా సహాయ కేంద్రం పెద్దలకు, కుర్చీలు చాలక గోడకానుకుని నిలబడ్డ మనవాళ్ళందరికీ నమస్కారం. మైకు ముందుకు రావడం నాకిదే మొదలు, కుట్టు మిషను ముందైతే ఎంతసేపైనా కూర్చుంటాను. (నవ్వులు)

ఇవాళ రిటైరవుతున్న మేడంగారు, ఈ దేశానికి వలస వచ్చిన మనలాంటివాళ్ళ చుట్టాలకి పని పర్మిట్లు ఎలా దొరుకుతాయో చెప్పే బల్ల దగ్గర ఇన్నేళ్ళూ కూర్చున్నారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నోరు విప్పలేదు, విప్పనిస్తేగా, అంతా మా తమ్ముడే మాట్లాడాడు. అదిగో, స్తంభం పక్కన తలొంచుకుని నవ్వుతున్నాడే, వాడే! "అక్క నాకు అమ్మలాంటిదండీ, మా ఇంట్లో మహారాణిలా కూర్చుంటుంది, తనకి పనెందుకు?" అన్నాడు. ప్రేమే, కాదనను. కానీ మా ఆయన పోయాక నా కాళ్ళ మీద నేను నిలబడదామనే ఇంత దూరం వచ్చానని వాడికెలా చెప్పను?

మేడంగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "బాబూ, నువ్వెళ్ళి టీ తాగి రా" అన్నారు. వాడు వెళ్ళాక నావైపు తిరిగి, "ఇప్పుడు చెప్పమ్మా, నీకేం పని వచ్చు?" అన్నారు. ఇక్కడికొచ్చాక నన్ను ఆ మాట అడిగింది ఆవిడొక్కరే. కుట్టు వచ్చన్నాను. అప్పుడు విడమరిచి చెప్పారు: భార్యకైతే భర్త పర్మిట్ మీదే పని చేసుకునే వీలుందట, తమ్ముడి పోషణలో ఉన్న అక్కనని రాయిస్తే ఉండనిస్తారు గానీ పని చేయనివ్వరట, తల్లిదండ్రుల సంగతీ అంతేనట, కుట్టు తెలిసిన మనిషిగా ఎవరైనా యజమాని పిలిస్తే మాత్రం పర్మిట్ నా పేరు మీదే వస్తుందట. అలా పిలిచిన, కోట్లు కుట్టే షాపాయన ముందు వరసలోనే ఉన్నారు. ఆయన వేసుకున్న కోటు నేను కుట్టిందే, ఇప్పుడు బిగుతైందంటే ఆ తప్పు నాది కాదు. (నవ్వులు)

మేడంగారు వచ్చే వారం వేరే దేశంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఇందాక భోజనాల దగ్గర, తీసుకెళ్ళడానికి వచ్చిన ఆ అమ్మాయి, "అమ్మ ఇంక ఏ పనీ చేయక్కర్లేదు ఆంటీ, హాయిగా ఇంట్లో ఉంటుంది" అంది. పక్కనే ఉన్న మేడంగారు ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు బాగా తెలుసు.

అమ్మాయీ, ఏమనుకోకు, కాస్త బయటికెళ్ళి టీ తాగి రామ్మా! (పెద్దగా నవ్వులు, అమ్మాయి నవ్వుతూ లేచి గుమ్మం దాకా వెళ్ళింది)

మేడంగారూ, ఇప్పుడు చెప్పండి, మీకేం పని వచ్చు?

(మేడంగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఈ పనేనమ్మా" అన్నారు)

గుమ్మంలోంచి విన్నావుగా తల్లీ? అక్కడా మనలాంటివాళ్ళుంటారు, అలాంటి బల్లలూ ఉంటాయి. వెళ్ళగానే అమ్మ పని చేసుకోడానికి ఏ దారుందో కనుక్కో. నా మాటలు ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. మేడంగారూ, మీరు అనుమతిస్తే, ఇక సెలవు.