చివరి పేజీ కొలత

వయోమింగ్‌లో ఒక చిన్న ఊరు, జూన్ నెల, గురువారం మధ్యాహ్నం. రైఫిళ్లకు బ్యారెళ్లు బిగించే వెర్లిన్ షెడ్డులోకి అతని చెల్లెలి మొగుడు డోయల్ తలుపు కూడా తట్టకుండా వచ్చేశాడు. తప్పు తనది కాదని ముందే తేల్చేసుకున్న మనిషికి తలుపు తట్టాలని ఎందుకు తోస్తుంది?

"...పదిమంది చూస్తుండగా, బావా! పదిమంది! నిలబడడానికి కర్ర కావాల్సిన ముసలాళ్లు కూడా మూతి అటు తిప్పుకుని నవ్వారు."

"ముందు ఆ రైఫిల్ పెట్టె బల్ల మీద పెట్టు. కింద పడేసేలా ఉన్నావు."

"పడితే ఏం? ఇంకా చెడడానికి అందులో ఏం మిగిలింది?"

"పెట్టు, డోయల్. ఊఁ. ఇప్పుడు మొదట్నుంచీ చెప్పు. ఏమైంది?"

"ఏమైందా? నువ్వు బిగించిన కొత్త బ్యారెల్ అయింది! సోమవారం ఇచ్చావా, ఇవాళ పొద్దున మొదటిసారి షూటింగ్ రేంజికి తీసుకెళ్లా. తూటా పెట్టి బోల్టు మూయబోతే మూసుకోదు. అరచేత్తో గట్టిగా కొట్టి మూయాల్సొచ్చింది."

"కొట్టి మూశావా?"

"మరేం చెయ్యమంటావు?"

"ఆగమంటాను. బోల్టు మూసుకోనంటుంటే ఎవడైనా ఆగుతాడు."

"నాలుగు కాల్చా. నాలుగూ నాలుగు దిక్కులకి పోయాయి. ఐదోది లోపల పెట్టానో లేదో, కాల్పులు ఆపమని రేంజి ఆఫీసరు కేకేశాడు. సరే కదా అని తూటా వెనక్కి లాగా. ఏమొచ్చిందో తెలుసా? ఒట్టి ఇత్తడి గొట్టం వచ్చింది. గుండు బ్యారెల్లోనే ఇరుక్కుపోయింది. మందంతా జలజలా ట్రిగ్గర్‌లోకి ఒలికింది. నవ్వుతున్నావా?"

"లేదు."

"నవ్వుతున్నావు."

"నవ్వు కాదు డోయల్, ఒళ్లు జలదరించింది. నాలుగు కాల్చానన్నావు, ఆ నాలుగు ఇత్తడి గొట్టాలూ ఏవి?"

"జేబులో ఉన్నాయి. ఇవిగో."

"ఇటు వెలుతురులోకి రా. అడుగున చూశావా? మందు అంటించే క్యాప్ ఎలా అణిగిపోయిందో చూడు. ఇది నీ మొహం పక్కన పేలాల్సింది."

"అదే కదా నేనూ అనేది! బ్యారెల్లో తూటా కూర్చునే గది పొట్టిగా తొలిచావు. తూటాకి చోటు లేదు. ఒప్పుకో, ఒప్పుకుంటే ఏం పోతుంది? శనివారం పోటీ. ఇవాళ గురువారం. విప్పి సరిచెయ్యి, రేపటికి ఇవ్వు."

"గుండు తీసేశారా?"

"అక్కడే కడ్డీతో తట్టి తీశారు. మందంతా దులిపించా."

"అయితే ఇదిగో, గది కొలిచే ఈ గేజీ పట్టుకో. దీని మీద బోల్టు మూసుకోవాలి. నువ్వే మూసి చూడు. నేను ముట్టుకోను."

"...మూసుకుంది."

"ఎంత బలం పెట్టావు?"

"పెట్టలేదు. చిటికెన వేలుతో."

"ఇది రెండో గేజీ. దీని మీద మూసుకోకూడదు."

"...మూసుకోలేదు."

"అంటే గది పొట్టిగా లేదు, పొడుగ్గానూ లేదు. ముప్పై నాలుగేళ్లుగా ఇదే లేత్ మీద ఇదే పని చేస్తున్నా. నా వల్ల తప్పు జరగదని అనను. ఇది మాత్రం జరగలేదు. మిగిలిన తూటాలు తెచ్చావా?"

"నా తూటాల జోలికెళ్లకు. నా చేత్తో నింపా, బాగానే ఉన్నాయి."

"ఒకటి ఇవ్వు."

"కొత్త బ్యారెల్ గొడవ మాట్లాడుతుంటే నా తూటాలెందుకు?"

"ఒక్కటి ఇస్తే అరిగిపోవులే. ...ఊఁ. గుండు చాలా ముందుకుంది. ఈ పొడుగు కొలత ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"ఎక్కణ్ణుంచి తెస్తా? తూటాల కొలతలు రాసుకునే పుస్తకంలోంచి."

"ఏ పేజీ?"

"చివరి పేజీ. మరేది తీసుకుంటారు? అదే కదా తాజాది. ఏప్రిల్లో ఆ కొలతతోనే కదా గెలిచా. ఏంటలా చూస్తావు?"

"డోయల్, ఆ కొలత పాత బ్యారెల్‌ది."

"తుపాకీ అదే కదా!"

"తుపాకీ అదే. బ్యారెల్ వేరు. పాతదాని గొంతు, అదే గది దాటాక గుండు బ్యారెల్లోకి దిగే చోటు, మూడేళ్లు కాలి కాలి అరిగిపోయింది. అరిగినకొద్దీ గుండుని ముందుకి జరుపుకుంటూ పోవాలి, ప్రతి రెండొందల తూటాలకీ ఒక వెంట్రుకవాసి. నీ చివరి పేజీలో ఉన్నది బాగా అరిగిన గొంతు కొలత. కొత్త గొంతులో అదే పెడితే గుండు ఎక్కడికెళ్తుంది? బ్యారెల్ లోపలి మెలి గాళ్లలోకి దిగబడుతుంది. బోల్టు అందుకే మూసుకోలేదు. గుండు అందుకే ఇరుక్కుంది."

"సరే, పొరపాటు. తొందరలో పొరపాటైంది. మనిషన్నాక—"

"పెట్టెలో చీటీ పెట్టాను. 'కొత్త గొంతు, కొత్త పుస్తకం, మొదట్నుంచి కొలుచుకో' అని ఎర్ర సిరాతో రాసి మరీ పెట్టా. చదవలేదా?"

"నీ చీటీలు నేనెప్పుడు చదివాను?"

"మరి ఎవరు చదివేవాళ్లు? పదకొండేళ్లుగా ప్రతి బ్యారెల్‌కీ చీటీ పెడుతున్నా. ఎవరు చదివేవాళ్లు?"

"కాఫీ ఉందా?"

"ఫ్లాస్కులో ఉంది. పోసుకో. మా చెల్లి నదీన్ ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"చూసి చాలా రోజులైంది."

"ఇంట్లోనే ఉంటోంది. పొద్దున యాపిల్ కేకు చేసింది. నీకు తెద్దామనుకుని ఈ గొడవలో మర్చిపోయా."

"అయ్యో. ఏం ఫర్వాలేదు, పది నిమిషాల దారేగా. ఫోన్ చెయ్యి. కేకూ, నీ పుస్తకమూ పట్టుకుని రమ్మను. పుస్తకం చూస్తే పది నిమిషాల్లో ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్తా."

"అది రాలేదు. జలుబు."

"జలుబుతోనే కేకు చేసిందా?"

"చేశాక వచ్చింది జలుబు."

"సరే, నేనే వెళ్లి పుస్తకం తెచ్చుకుంటా. బండి తాళాలు—"

"వద్దు! ఆగు. పడుకుని ఉంటుంది. ఎందుకు లేపడం? కావలసిన పేజీ నా దగ్గరే ఉంది. ఇదిగో."

"ఇదేంటి? చించిన కాగితం."

"పేజీ."

"పుస్తకంలోంచి పేజీ చించావా? డోయల్, ఈ ఊళ్లో పెళ్లాం ఫోటో చించినవాడినైనా చూశాను గానీ, లోడింగు పుస్తకం చించినవాణ్ణి చూడలేదు!"

"నేను చించలేదు."

"మరెవరు చించారు?"

"చిరిగింది."

"ఇంత తిన్నగానా? స్కేలు పెట్టి చించినట్టుంది. ఈ అంకెలు చూడు, ఏడుకి అడ్డగీత. మా అమ్మ నాకూ చెల్లికీ నేర్పిన ఏడు. ఈ పుస్తకం రాసినవాళ్లెవరూ నువ్వు చేసిన తప్పు చెయ్యరు, డోయల్. తన చేత్తో ఆ కొలత పదిహేనుసార్లు కొట్టేసి కొత్తది రాసుకున్న మనిషి నిద్రలో కూడా చెయ్యదు. నీకు తెలియలేదంటే, నువ్వు ఆ పుస్తకం ఒక్కరోజు కూడా రాయలేదన్నమాట."

"అరవకు."

"అరవడం లేదు. వెనక ఏదో రాసుంది. 'ఇక నువ్వే చేసుకో.' ఇదేంటి?"

"అది... ఉట్టిదే."

"ఉట్టిదే అంటే?"

"వెళ్లిపోయింది, బావా! సరేనా? మూడు వారాలైంది. పుస్తకం పట్టుకెళ్లింది. ఆ ఒక్క పేజీ చించి తూటాలు నింపే ప్రెస్సు మీద పెట్టి పోయింది. చాలా, ఇంకా ఏమైనా చెప్పించుకుంటావా?"

"చెప్పు. ఎందుకెళ్లింది?"

"ఏమో."

"డోయల్."

"క్లబ్బు విందులో ఎవరో కొత్త కుర్రాడు అడిగాడు, 'మీ తూటాల రహస్యమేంటి సార్' అని. నేనేదో అన్నా."

"ఏమన్నావు?"

"నా తూటాల బల్ల మీద నేను తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టరని. అంతే. నోటికొచ్చేసింది. మాటవరసకి అన్నమాట అది!"

"నదీన్ ఎక్కడుంది అప్పుడు?"

"పక్కనే."

"పక్కనే కూర్చుని ఉంటే అన్నావా? ఏమంది?"

"ఏమీ అనలేదు. ఉప్పు అందుకోమన్నా, అందించింది. దారిపొడుగునా ఏమీ అనలేదు. నేను బాగానే ఉందనుకున్నా. పొద్దున లేచేసరికి లేదు."

"పదకొండేళ్లు. ప్రతి తూటా తూచి, నింపి, రాసి, నీ చేతికిచ్చింది. క్లబ్బులో ఎవరికీ చెప్పలేదా నువ్వు?"

"ఎవరూ అడగలేదు!"

"ఆ రోజు అడిగారు కదా. కాఫీ చల్లారిపోతోంది."

"బావా, తిట్టుకో, కొట్టుకో, తర్వాత. శనివారం మొదటి ఆరుగురిలో నిలిస్తే రాష్ట్ర జట్టు. నాకు అరవై మూడు నిండాయి. వచ్చే ఏటికి ఈ కళ్లుంటాయో, ఈ చేతులు వణక్కుండా ఉంటాయో ఎవరికి తెలుసు? ఇదొక్కటే మిగిలింది నాకు. ఒక్క యాభై తూటాలు నింపిపెట్టు. నువ్వు పడ్డ కష్టం అందరికీ చెప్తా."

"నేను బ్యారెళ్లు బిగిస్తా. తూటాలు నింపడం వేరే విద్య. పుస్తకం లేకుండా నీ రైఫిల్‌కి తూటా నింపి నీ చెవి పక్కన పెట్టే ధైర్యం నాకు లేదు."

"అయితే బ్యారెల్ బాగుందని నువ్వెలా చెప్తున్నావు? గేజీలు చూపిస్తే చాలా? అసలు కాలుస్తుందో లేదో నీకేం తెలుసు?"

"ఇదిగో, ఈ గురి అట్ట చూడు. ఆదివారం, మూడొందల గజాలు. నీ రైఫిలే, ఈ బ్యారెలే."

"ఒకటే కన్నం ఉంది."

"ఐదు గుండ్లు వెళ్లాయి అందులోంచి."

"అబద్ధం."

"అంచులు లెక్కపెట్టుకో."

"...ఎవరు కాల్చారిది? నువ్వా?"

"నా కుడికన్నుకి పొర పట్టి రెండేళ్లయింది. అట్ట కనిపిస్తే అదే గొప్ప."

"మరి? నేనైనా మూడొందల నుంచి ఇలా ఎప్పుడూ... ఎవరు బావా?"

"నీ ప్రతి బ్యారెల్‌నీ ముందు ఎవరో కాల్చి చూసి, గొంతు కొలిచి, పుస్తకంలో మొదటి పేజీ రాశాకే నీ చేతికొచ్చేది. నాలుగు బ్యారెళ్లకీ అంతే. ఇది ఐదోది. ఎవరని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు."

"నదీనా? నదీన్ కాలుస్తుందా? ఇలాగా? ఎప్పట్నుంచి?"

"మా నాన్న దాని పదో ఏట ఈ తుపాకీ చేతికిచ్చాడు. నీ తుపాకీ, నీ తుపాకీ అని ఊరంతా చెప్పుకుంటావే, ఇది మా నాన్న దానికి రాసిచ్చిపోయిన తుపాకీ. పెళ్లయ్యాక నువ్వు ముచ్చటపడితే నీ చేతికిచ్చి తను ప్రెస్సు ముందు కూర్చుంది. అంతే జరిగింది."

"అదెప్పుడూ చెప్పలేదే."

"అన్నం వడ్డించేవాళ్లు నాకూ ఆకలేస్తుందని చెప్తారా? మూడు వారాలు! నేను దాని అన్నని. నాకు ఫోన్ చేసి, ఎక్కడుందో తెలుసా అని అడగాలనిపించలేదా? కేకులు, జలుబులు చెప్తున్నావు!"

"సిగ్గేసింది! ఏమని అడగను? నీ చెల్లెలు నన్నొదిలేసి పోయింది, చూశావా అని అడగనా? రోజూ ఫోన్ తీసి నీ నంబరు దాకా వెళ్లి పెట్టేస్తున్నా. ఇల్లంతా గుయ్యిమంటోంది బావా. ప్రెస్సు ముందు కూర్చుంటే చేతులాడవు. ఒక్కో తూటాకి అరగంట పట్టింది. నలభై పాడుచేసి పది మిగుల్చుకున్నా. అది రాత్రి భోజనమయ్యాక రేడియో పెట్టుకుని వంద నింపేది. నేను పక్కగదిలో కుర్చీలో కునుకు తీసేవాణ్ణి."

"ఇప్పుడు నీ ఎదురుగా ఉంటే ఏమంటావు?"

"చెప్తా. శనివారం అందరి ముందూ మైకు పుచ్చుకుని చెప్తా, నా తూటాలు నావి కావు, నదీన్‌వి, గెలిచినవన్నీ దానివే అని."

"తూటాల కోసం చెప్తావా, దాని కోసం చెప్తావా?"

"...రెండూ. అబద్ధం చెప్పి ఏం బావుకున్నా? రెండూ కావాలి నాకు."

"నదీన్! విన్నావా?"

"ఎవర్ని పిలుస్తు—"

"మూడు వారాల్నుంచి ఈ గోడవతల గదిలోనే ఉంది. నువ్వొచ్చినప్పట్నుంచీ తలుపు తీసే ఉంది. జలుబేమీ లేదు."

"విన్నా అన్నయ్యా. అంతా విన్నా. కేకు కూడా విన్నా."

"నదీన్..."

"ముందు మొహం ఇటు తిప్పు. ఆ పక్క. చెయ్యి చూపించు. ఏమీ కాలేదుగా?"

"లేదు."

"బుద్ధుందా నీకు? బోల్టు కొట్టి మూస్తావా? నాలుగు కాలుస్తావా? ఒక్కటి పగిలుంటే నేనేమైపోవాలి? నా చేతి రాతతో ఉన్న పేజీ పట్టుకుని చచ్చిపోయేవాడివి! జీవితాంతం నేనే చంపాననుకునేదాన్ని!"

"తప్పైపోయింది. విందులో అన్నదీ తప్పే, ఇదీ తప్పే. ఇంటికి రా."

"వస్తా. ఈ శనివారం అయ్యాక."

"శనివారానికి తూటాలు నింపి ఇస్తావా మరి?"

"ఎప్పుడో నింపా. ఎనభై. ఈ బ్యారెల్‌ కొలతకి."

"దేవుడా, బతికించావు! ఏదీ, పుస్తకం ఇలా ఇవ్వు. కొత్తదా ఇది? 'బ్యారెల్ అయిదు. గొంతు కొలత...' బాగుంది. 'కాల్చేవారు...' ఇదేంటి నదీన్, ఇక్కడ నీ పేరుంది?"

"ఇక్కడికొచ్చిన మర్నాడే పోటీకి పేరిచ్చాను. సోమవారం తుపాకీ మళ్లీ నీ చేతికెళ్లాక ఎలా అడగాలా అని మథనపడుతుంటే ఇవాళ నువ్వే తెచ్చిచ్చావు. శనివారం కాల్చేది నేను డోయల్, నువ్వు నా పక్కన కూర్చుని ఒక్కో తూటాకీ రాయాలి, పెన్నుతోనే రాయి, పెన్సిలైతే మళ్లీ చెరిపేసి నీ పేరు పెట్టుకుంటావు."