మైకు జకరయ్య కూతురికి గిటారు పెట్టె కొన్న కత

మైకు జకరయ్య అని ఒకాయన ఉండేవాడంట మా పెద్దక్కోళ్ళ ఊళ్ళో. ఉండేవాడేంది, ఇప్పుడూ ఉండాడు, గుండ్రాయి మాదిరి ఉండాడు. పెళ్ళయినా, చావైనా, ఓట్లయినా, చర్చిలో కూడికయినా ఆయన మైకే. ఆయన హారన్లు కట్టాడంటే ఇంక ఆ పూట ఊళ్ళో నోటితో పని లేదు, అందరూ సైగలే. ఆయనకో అలవాటుంది. మైకు కట్టి, పాట పెట్టి, ఇంక ఆడ నిలబడడు. నడుస్తాడు. రోడ్డెమ్మట పోతా పోతా చెవి ఇటు పెట్టి, ఇనపడతందా, సరే, ఇంకా పోదాం. ఇనపడతందా, సరే, ఇంకా పోదాం. అట్టా కాలవ దాటి, పొగాకు కాల్చే బేరన్ల కాడికి పోయి, ఆడిక్కూడా ఇనపడిందనుకో, అప్పుడు బీడీ ఎలిగిచ్చుకుని, 'ఆఁ, ఇదీ సౌండంటే' అంటాడంట. మైకు మాట్లాడుకోటానికొచ్చినోళ్ళు గూడా అదే అడుగుతారు, 'జకరయ్యా, ఎందాకా ఇనపడుద్ది?' అని. 'బేరన్ల దాకా' అంటాడు. అయిపోయింది, ఖాయం. ముప్పై ఏళ్ళ నుంచి ఆయనకి అదే కొలత. దూరపు కొండలు నునుపంటారే, ఆయనకి దూరపు పాటలు గూడా నునుపే. ఏమ్మే, మిరగాయల తొడిమలు తియ్యటం ఆపబాకండి. నోరు నాది, చేతులు మీయి.

ఆయనకో కూతురు, కెజియా. పదహారేళ్ళుంటయ్యి. ఏమైందంటే, చర్చిలో గిటారు వాయించే పిల్లోడికి యాడో ఉద్యోగమొచ్చి ఎళ్ళిపోయాడు. 'సంగం గిటారు ఉత్తపుణ్యాన గోడకేలాడతంది, ఎవురన్నా నేర్చుకోండమ్మా' అని చర్చి అయ్యగారంటే, మగపిల్లకాయలందరూ కింద చూశారు, ఈ పిల్ల చెయ్యెత్తింది. ఎత్తటమే గాదు, నేర్చుకుంది. సెల్లులో చూసుకుంటా, వేళ్ళు బొబ్బలెక్కిపోతంటే కొబ్బరి నూనె రాసుకుంటా నేర్చుకుంది. అయితే అది మామూలు గిటారు గాదంట, కరెంటుది. మామూలు దానికి కడుపు డొల్లగా ఉంటది, దానంతటది మోగుద్ది. దీనికి కడుపే లేదు, ఉత్త చెక్క. కరెంటు పెట్టెకి వైరు తగిలిస్తేనే దానికి గొంతు. తగిలీకపోతే చెవికాడ దోమ తిరిగినట్టు గీ మంటది, అంతే. పెట్టేమో చర్చిలో ఉంది, పిల్లేమో ఇంట్లో నేర్చుకుంటంది. దోమ కూతలో ఏం ఇనపడుద్ది, చెప్పండి? ఇనపడటల్లేదని గట్టిగా బాదేది. ఒక వేలు పోయి పక్క తీగకి తగిల్తే అదీ తెలిసేది గాదు. అట్టా ఆరు నెల్లు బాది, మధ్యలో చర్చిలో ఒకటి రెండు సార్లు వాయిస్తే పాడేవోళ్ళ గొంతుల్లో కలిసిపోయి, మంచిగా వొచ్చేసిందనుకుంది బిడ్డ.

ఒక ఆదివారం నాడు సంగంలో పెద్ద కూడిక. పక్క ఊళ్ళోళ్ళు గూడా వొచ్చారు. కెజియా గిటారుకి వైరు తగిలిచ్చింది, మైకులు ఆళ్ళ నాయనవే, పాట ఎత్తుకున్నారు. జకరయ్య యాడుండాడు? ఇంకెక్కడ, బేరన్ల కాడ. బీడీ ఎలిగిచ్చబోతంటే వొచ్చింది సౌండు. గర్రుమంది, కీచుమంది, ఒక తీగ మీద ఇంకో తీగ పడి కొట్టుకుంటన్నయ్యి. ఆడ పొగాకు ఏరతన్న ఆడోళ్ళు, 'ఏందయ్యా జకరయ్యా, నీ మైకులో పిల్లి గాని పడిందా?' అన్నారంట. ఆయన మొహం చూడాల ఇంక! బీడీ ఆడే పారేసి ఉరుకులూ పరుగులూ. వొచ్చేసరికి పాట అయిపోయింది. అయ్యగారు పక్కకి పిలిచి, 'జకరయ్యా, పిల్లకి ఆసక్తుంది, కాదనటం లేదు. కానీ పాడేవోళ్ళు గూడా ఆగిపోయారు చూశావా. ఈస్టరుకి నెలుంది. ఆలోపల కుదిరితే సరే, లేకపోతే పై ఊరి పిల్లోణ్ణి పిలిపిస్తా, అమ్మాయిని పాడే పిల్లల్లో కూచోమను' అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు, మంచోడే. కెజియా పక్కనే ఉండి మొత్తం ఇనింది. గిటారు తుడిచి, సంచిలో పెట్టి, ఇంటికొచ్చి, కంచం ముందు కూచుని చెయ్యి కడిగేసుకుంది.

మర్నాడు తండ్రి దగ్గిరికొచ్చి, 'నాయనా, నాకు ఇంట్లో వాయించుకోటానికి చిన్న పెట్టె కావాల' అంది. చిన్నదెందుకే, అంటాడు ఆయన, మన కొట్టునిండా పెట్టెలే గందా, మనిషెత్తు పెట్టె తెచ్చి పెడతా. 'అది గాదు నాయనా, అవి మాట్లాడేదానికి, పాటలేసేదానికి. గిటారుకి వేరే ఉంటయ్యి. చిన్నది చాలు. నా తప్పు నాకు ఇనపడాల, ఊరికి గాదు.' జకరయ్యకి మతి పోయింది. 'దీవెనమ్మా, ఇన్నావా నీ కూతురి మాట! తప్పు ఇనటానికి ఎవురన్నా పెట్టె కొంటారంటే?' అని పెళ్ళాం మీద లేచాడు. ఆమె, 'నన్నడిగితే ఏం తెలుసు, ఊరికి ఇనపడనిది ఏదైనా నాకు సమ్మతమే' అంది. ముప్పై ఏళ్ళు ఆయన పక్కన కాపరం చేసింది మరి.

ఇంక చూస్కోండి. పోయి ఆ మనిషెత్తు పెట్టెనే ఇద్దరి చేత మోయించుకొచ్చి అంట్ల గూడు పక్కన నిలబెట్టాడు. పిల్ల ఒక్క తీగ మీటింది, ఒక్కటంటే ఒక్కటి. గూట్లో గిన్నెలన్నీ లేచి కింద కూచున్నయ్యి. అడ్డగోడకి అవతల మార్తమ్మ పొదిగేసిన కోడి గుడ్ల మీదనుంచి లేచి ఇంటి కొప్పెక్కింది, మళ్ళీ దిగలా. మార్తమ్మ వొచ్చి వాకిట్లో నిలబడి తిట్టిన తిట్లకి మైకు అక్కర్లా. 'తగ్గించి వాయించుకోవే' అంటాడు జకరయ్య. తగ్గిస్తే జుమ్మని తేనెటీగ మాదిరి ముక్కుతో మూలగటమే గాని గిటారు పలకదు. ఇంక దీవెనమ్మ తమ్ముడు తన టీవీకి పెట్టుకున్న సౌండు పెట్టెలు తెచ్చాడు, 'బావా, ఇయ్యి భేషుగ్గా ఉంటయ్యి' అని. వాటికి గిటారు తగిలించి రెండు పాటలు వాయించారో లేదో, కమురు కంపు కొట్టి, పొగొచ్చి, చచ్చూరుకున్నయ్యి. ఆ తమ్ముడు అలిగి పోయాడు. వారం రోజులు అందులోనే పాయె. ఎవురు పడితే ఆళ్ళు వొచ్చి, అది కొనండి, ఇది కొనండి. రేడియో బాగుచేసేవోడు ఒకటి చెపుతాడు, ట్రాక్టరోడు ఒకటి చెపుతాడు. గిటారు మొహం చూడనోళ్ళే అందరూ. ఆ పిల్లని మాత్రం ఎవురన్నా, 'అమ్మా, నీకేం కావాల' అని అడిగారా? అడగలా. నాకిప్పుడు చెపుతంటేనే ఒళ్ళు మండుద్ది.

ఆఖరికి ఈ బాధ పడలేక జకరయ్య కూతుర్ని ఎంటబెట్టుకుని ఒంగోలు పోయాడు. ఆడ గిటార్లూ డప్పులూ అమ్మే కొట్టుంది. కొట్టాయన పేరు మౌలాలి. 'ఇంట్లో నేర్చుకోటానికా అన్నా? అయితే ఇది చూడు' అని ఒక పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. ఎంతుందనుకున్నారు? బియ్యం కొలిచే కుంచమంత. దాని నెత్తిన నాలుగు మరలు, పక్కన ఒక చిల్లు. ఆ చిల్లులో వైరు పెట్టి చెవులకి తగిలించుకుంటే పక్కనున్నోళ్ళకి గూడా ఇనపడదంట. 'పక్కోడికి ఇనపడకుండా సౌండా?' అన్నాడు జకరయ్య. 'అదేం సౌండయ్యా, తలుపేసుకుని దొంగతనంగా అన్నం తిన్నట్టు!' అని, కెజియాని స్టూలు మీద కూచోబెట్టి, 'వాయించమ్మా' అన్నాడు. అని, చెప్పులేసుకున్నాడు. మౌలాలి, 'యాడికన్నా?' అన్నాడు. 'ఇనటానికి' అన్నాడు ఈయన.

పోయాడు. ఒంగోలు బజారు, లారీలు, ఆటోలు, గోల. చెవి ఇటు పెట్టి పోతా పోతా, పూరీల బండి కాడ నిలబడ్డాడు, ఏం ఇనపడలా, తిరిగొచ్చాడు. 'నీ పెట్టె పూరీల బండి దాకన్నా రాలేదు, ఇంకోటి తియ్యి' అన్నాడు. మౌలాలి ఇంకోటి తీశాడు, కాస్త పెద్దది. మళ్ళీ పోయాడు. మందుల షాపు దాకా వొచ్చింది. 'ఇంకా పెద్దది తియ్యి.' మౌలాలి నెత్తి కొట్టుకుని, 'అన్నా, బయటికి పోయి ఇంటే ఎట్టా? ఇక్కడ కూచో. పెద్దది సగం తిప్పితే గాని నోరు తెరవదు, ఇంట్లో సగం తిప్పితే గోడలు ఉండవు. చిన్నదైతే కాస్త తిప్పినా నిండుగా పలుకుద్ది' అని ఒత్తి ఒత్తి చెప్పాడు. చెవిటోడి ముందర శంఖమే. ముప్పై ఏళ్ళు నేనీ పనిలో ఉండా, నువ్వా నాకు చెప్పేది, అంటాడు ఈయన. దూడంత పెట్టె ఒకటి తీయించి, మూడోసారి పోయాడు. పూరీల బండోడు అడిగాడంట, 'పెద్దాయనా, ఏదన్నా పోగొట్టుకున్నావా?' అని. ఈయన చెవి ఇటు పెట్టి పోతానే ఉండాడు. బస్టాండు మలుపు కాడ గిటారు ఇనపడింది. నవ్వుకుంటా వొచ్చి, 'ఇదీ! ఎంత చెట్టుకి అంత గాలి. ఇది కట్టు మౌలాలీ' అన్నాడు.

కెజియా వాయించటం ఆపేసింది. గిటారు ఒళ్ళో పెట్టుకుని, 'నాయనా, ఒకటడుగుతా, కోప్పడబాకు. మొన్న కూడికలో నేను పాడు చేసినప్పుడు నువ్వు యాడుండావు?' అంది. బేరన్ల కాడ, అన్నాడు. 'క్రిస్మస్సు నాడు?' కాలవ కట్ట మీద. 'నేను చర్చిలో మొట్టమొదట వాయించిన నాడు?' ఆయన ఆలోచించాడు. ఆ రోజు గాలి పడమరగా తోలిందని పడమటి చేలల్లోకి పోయాడు, గుర్తొచ్చింది. 'మరి సౌండు చూడొద్దా అమ్మా, నేను చూడకపోతే ఎవురు చూస్తారు?' అన్నాడు. 'సౌండు చూశావు నాయనా. నన్నినలా. ఒక్కరోజు గూడా ఇనలా' అంది. అని ఏడవలా. ఏడిస్తే పోయేది, ఏదో ఒకటి కొనిపెట్టి ఊరుకోబెట్టేవాడు. కళ్ళు పెద్దవి చేసి చూస్తా కూచుంది. జకరయ్యకి కోపమొచ్చింది. మౌలాలి మీదొచ్చింది, పూరీల బండోడి మీదొచ్చింది, కూతురి మీద గూడా వొచ్చింది. కానీ పిల్లన్నది నిజమేగా. చెప్పులిప్పి, కూతురికెదురుగా డప్పు పెట్టుకునే పీట లాక్కుని కూచున్నాడు. 'ఏదీ, ఆ చిన్నదాన్నే మోగించు, ఇంటా' అన్నాడు.

మౌలాలి కుంచమంత పెట్టెకి వైరు తగిలించాడు. పిల్ల వాయించింది. నెమ్మదిగా, కొట్టులోనే ఉండేంత సౌండు. జకరయ్య మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఇన్నాడు. కూతురి వేళ్ళు తీగల మీద జారే చప్పుడు ఇనపడింది. గోరు తగిలిన చప్పుడు ఇనపడింది. ఎంత చెప్పినా ఆయన చెవి ముప్పై ఏళ్ళ చెవి, అది ఊరుకోదు. 'ఆగు' అన్నాడు. 'మళ్ళీ వాయించు.' వాయించింది. 'నువ్వు వేలు తీసేసినా పైనున్న లావు తీగ మూలగతానే ఉందేందే? దాని మీద ఇది పడి కొట్టుకుంటంది. మొన్న గర్రుమన్నది ఇదే!' ఆ పిల్ల మొహం ఎలిగిపోయింది. ఇందాకటి దాకా ఏడవనిదల్లా ఇప్పుడు ఏడ్చింది. 'అదే నాయనా, అదే. ఇంట్లో నాకు ఇనపడందే అదే' అంది. జకరయ్య లేచి, ఆ చిన్న పెట్టెని తనే చంకలో పెట్టుకున్నాడు. బస్సులో ఒళ్ళోనుంచి దించలా.

ఇక్కడికి కత కంచికి పోతే బాగుండేది. పోలా. ఆ రోజు నుంచి జకరయ్య ఇల్లు కదిలితే ఒట్టు. పిల్ల పెట్టె ముందర కూచుంటే, ఈయన దాని పక్కన నులకమంచమేసుకుని కూచుంటాడు. 'లావు తీగ!' పిల్ల ఆపుద్ది. 'మళ్ళీ లావు తీగ!' మళ్ళీ ఆపుద్ది. అన్నం తింటా, 'ఇందాక మూడో పాటలో' అంటాడు. నిద్రలేస్తా, 'నిన్న ఆఖర్న' అంటాడు. కెజియాకి వేళ్ళు నెప్పి గాదు, చెవులు నెప్పి. 'అమ్మా, నాయన్ని ఎటన్నా పెళ్ళికి పంపియ్యి, మైకు కట్టుకోమను' అని బతిమాలుకునేది. అయితే ఒకటి. మూడు వారాల్లో ఆ పిల్ల వాయింపు మారిపోయింది. బాదటం పోయింది, నెమ్మది వొచ్చింది. ఒకరోజు మార్తమ్మ గోడ మీదనుంచి తల పెట్టి, 'ఆ పాట ఇంకోసారి వాయించవే' అన్నదంటే చూడండి, కోడి సంగతి మర్చిపోయి.

ఈస్టరొచ్చింది. చర్చి నిండా జనం. అందరూ, జకరయ్య ఇప్పుడు చెప్పులేసుకుంటాడు, ఇప్పుడు ఎళ్తాడు అని చూస్తన్నారు. పోలా. మైకు మిషను పెట్టిన బల్ల కాడే కుర్చీ ఏసుకుని, కళ్ళు మూసుకుని, చెవి కూతురి దిక్కు పెట్టి కూచున్నాడు. మొదటి పాట అయింది, మచ్చ లేదు. పాడేవోళ్ళు ఒకళ్ళు ఆగలా. రెండో పాట అందుకున్నారు, చప్పట్లు, అయ్యగారు గూడా తల ఊపుతన్నాడు. సరిగ్గా అప్పుడు, ఒక్క చిటికెడు సేపు, లావు తీగ మూలిగింది. ఎవురికీ ఇనపడలా. అయ్యగారికి ఇనపడలా, గిటారు తెలిసిన పై ఊరి పిల్లోడు మూడో వరసలో కూచునున్నాడు, వాడికీ ఇనపడలా. జకరయ్యకి ఇనపడింది. 'ఏమ్మాయ్! లావు తీగా!' అని అరిచాడు. ఆయన ముందర ఏముంది? మైకు. ప్రకటనలు చెప్పే మైకు. ఆపలేదు దాన్ని. ఆరు హారన్లలో నుంచి, ఆరు దిక్కులా, 'లావు తీగా' అని ఊరు ఊరంతా పలికింది.

కెజియా మొహం కందగడ్డైపోయింది. కానీ చెయ్యి ఆగలా తల్లీ. వేలు పోయి ఆ తీగ మీద పడింది, మూలుగు ఆగింది, పాట నడిచింది. ఆఖర్న అయ్యగారు లేచి, నవ్వాపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకుని, 'వచ్చే ఆదివారం నుంచి గిటారు కెజియాదే. ఆ మైకు మాత్రం జకరయ్యకి అందకుండా పెట్టండి' అన్నాడు. ఆ పిల్ల వారం రోజులు తండ్రితో మాట్లాడలా. ఆయనేమో వాకిట్లో కూచుని, తప్పు చెప్పటం గూడా తప్పేనంటయ్యా, అని కనపడినోళ్ళందర్నీ అడుగుతా ఉండాడంట.

ఏం జెప్పను ఇంక. మగోణ్ణి దగ్గిర కూచుని ఇనమని పోరటం ఒక తంటా, వాడు ఇనటం మొదలుపెట్టినాక నోరు మూయించటం ఇంకో తంటా. మొదటిదానికి కుంచమంత పెట్టె దొరికింది ఒంగోల్లో. రెండోదానికి ఏ కొట్లోనూ ఏమీ దొరకదు, నేను ఎతికి ఎతికి చూసినదాన్ని. నవ్వింది చాలు గాని, ఆ మిరగాయల బస్తా ఇట్టా జరపండి, ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారతన్నయ్యి నాకు.