అయిదు నెలల సంచి

1957, ఎండాకాలం. గోరంట్లలో ఒక చిన్న ఇల్లు. నాటకాలాడే హనుమంతప్ప కొత్త కంపెనీతో అయిదు నెలలు ఊళ్లు తిరగడానికి బయలుదేరుతున్నాడు. పన్నెండేళ్లుగా అతని పక్కన రాణి వేషం కట్టిన పెళ్లాం ఆంజినమ్మ, ఈసారి ఇంట్లో ఉండిపోతూ అతనికి సంచి సర్దుతోంది.

“చాలు లేవే ఆంజినమ్మా. కంపెనీ బస్సు వచ్చే పొద్దాయ.”

“రానీలే. వస్తే హారను కొడతారు గదా. చేంతాడు పెట్టుకున్న్యావా?”

“చేంతాడెందుకు? ఏ ఊర్లోనైనా బావి కాడ ఉంటాది.”

“ఉంటాది, నీకోసం కాచుకోని. పోయినేడు కదిరి పక్కన ఏమైంది? తాడు నీళ్లకు అందక నా చీర ముడేసి చేదుకుంటిమి. ఈ యేడు బావులు ఇంకా అడుక్కు పోయినాయి. పెట్టుకో. ఈ చెంబు గూడా.”

“సరే, పెట్టు.”

“సూది, నల్లదారం, తెల్లదారం ఈ అగ్గిపెట్టెలో పెట్టినా. పిన్నీసులు పన్నెండు. రాజు యేషంలో ఉండంగా పంచె జారితే పట్టుకునేదానికి పక్కన నేనుండను, చెప్తాండా.”

“ఊఁ.”

“కరక్కాయలు ఈ మూటలో ఉండాయి. పద్యం ఎత్తుకునే ముందు ఒక ముక్క బుగ్గన పెట్టుకో. తెల్లారేటప్పటికి నీ గొంతు పడిపోతాది. నేనుంటే అందుకుంటా ఉంటి. ఇప్పుడెవురు అందుకుంటారు?”

“ఎవురో ఒకరు అందుకుంటారులే.”

“ఎవురు?”

“ఓబుళేసు.”

“తబలా ఓబుళేసా! ఆయప్ప రాణి యేషం కడితే జనం రాళ్లేస్తారయ్యా. ఆ మీసం తీస్తానన్న్యాడా?”

“తీస్తాడులే. ఈ కంపెనీలో ఆడోళ్లు వద్దన్న్యారని చెప్తి గదా. ఎన్ని తూర్లు అడుగుతావు?”

“ఊకే అడిగితి. కోపమెందుకు? పన్నెండేండ్లు కట్టిన యేషం, అడగాలనిపిస్తాది... ఈ రెండు ఉల్లిగడ్డలు జేబులో వేసుకో. ఎండదెబ్బ తగలదు.”

“ఊఁ.”

“రంగు తుడుచుకునేదానికి కొబ్బరినూనె. ఒక సీసా చాలు గదా?”

“రెండు పెట్టు.”

“రెండెందుకు?”

“ఇద్దరం గదా.”

“ఇద్దరెవురు?”

“అదే... ఓబుళేసు. ఆయప్పకు గూడా నేనే తెస్తానంటి.”

“సరే. చేతి అద్దం ఉండాది. సంచి ఇట్లియ్యి, అడుగున గుడ్డల మధ్యన పెడతా.”

“వద్దు వద్దు. పైన పెట్టు.”

“పైన పెడితే పగుల్తాదయ్యా. ఇయ్యి ఇట్ల... ఏందిది? మూట కట్టిండాది.”

“ఏం లేదు. ఆట సామాను. దాన్ని ముట్టుకోవద్దు.”

“మెట్టెలు.”

“అవును, ఆటకే. రాణి యేషానికి.”

“రాణి కాలికి ఇత్తడివి చాలు. ఇన్నేండ్లూ ఇత్తడివే పెట్టుకుంటి. ఇవి వెండివి.”

“వెండివి గాదు...”

“నాకు తెలీదా?”

“...నీకే తెచ్చినా లే. పోయేటప్పుడు ఇద్దామని.”

“నాకా?”

“నీకే.”

“నాకు తెచ్చినవి నీ సంచి అడుగున ఎందుకుండాయి? సరే, పెట్టు కాలికి. నీ చేత్తోనే పెట్టు.”

“ఇప్పుడెందుకే, బస్సు...”

“పెట్టు.”

“...పట్టదే. నీ వేలు లావు.”

“ఇంకొంచెం తొయ్యి.”

“పట్టదంటే!”

“పెండ్లయినప్పటి నుంచి నా వేలు ఇంతే ఉండాది. ఇది చిన్నపిల్ల కొలత. ఎవురిదయ్యా ఈ కొలత?”

“కంసాలి తప్పు చేసినాడు.”

“నన్ను చూసి చెప్పు.”

“చూస్తాండా గదా.”

“నేలను చూస్తాండావు. పద్యం మరిచిపోయినప్పుడు ఇట్లే చూస్తావు నువ్వు. పోయిన నెల నాలుగు తూర్లు కదిరికి పోయినావు. హార్మోనియం బాగు చేయించుకోని రావల్లంటివి. అది ఈడే ఉండాది. తిత్తి ఇంకా గాలి కారతానే ఉండాది.”

“అనుమానం మనిషివి నువ్వు. అదో, హారను! సంచి ఇయ్యి, పోతా.”

“కదిరిలో ఎవురుండారో చెప్పి పో.”

“ఎవురూ లేరంటాండా గదా!”

“నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు.”

“పిచ్చిగా మాట్లాడొద్దు...”

“పెట్టు. చెయ్యి ఎందుకు ఎనక్కి తీస్తాండావు?”

“హనుమంతప్పా! ఏమప్పా, ఉండావా లేదా? నేను, కంపెనీ బయ్యన్నను. ఎంతసేపని హారను కొట్టేది?”

“వస్తాండా బయ్యన్నా! ఎండలో నువ్వెందుకు వస్తివి? పద, పద, పోదాం.”

“ఉండప్పా, గుక్కెడు నీళ్లు తాగనీ. కొంచెం నీళ్లియ్యి తల్లీ.”

“లోపలికి రా అన్నా. ఇదో నీళ్లు. ఆడేషం ఓబుళేసు కడతాడంట గదా?”

“ఓబుళేసా? వాడు తబలా వదిలిపెడితే ఆట యాడ నడుస్తాది తల్లీ! ఆడేషానికి కదిరి పిల్ల ఉండాది, సుబ్బరత్నమ్మ. మన హనుమంతప్పే కుదిర్చినాడు. పొద్దున కదిరిలోనే ఎక్కింది. బస్సులో కూర్చోనుండాది.”

“బయ్యన్నా, ఆలస్యమవుతాంది, పద.”

“పోదాం లేప్పా. మంచి పనికి సిగ్గెందుకు? మడకశిరలో ఆట అయినాక ఆ పిల్లకు తాళి కడతాడంటమ్మా. ఆటలు ఆడించే మా కంట్రాక్టరు మొదట ఒప్పుకోలా. పెండ్లాం ఉండంగా ఇంకోదాన్ని కట్టుకుంటే ఇప్పుడు జైలంట గదా. హనుమంతప్ప జాబు రాసినాకనే సరేనన్న్యాడు.”

“జాబులో ఏమని రాసినాడన్నా?”

“ఏముంది తల్లీ, పెండ్లాం పోయిందని. ఉగాదికి ముందురోజు పోయిందంట. ఆ జాబు చదివించుకోని మా కంట్రాక్టరు కండ్లనీళ్లు పెట్టుకున్న్యాడు. ఆయమ్మ పాట యాడో విన్న్యాడంట, మహా గొంతు అని ఒకటే చెప్పుకోని బాధపడె... అవునుగానీ, నువ్వు హనుమంతప్పకు ఏమైతావమ్మా?”

“అక్క! మా అక్క, బయ్యన్నా. ఇల్లు చూసుకునేదానికి వచ్చింది.”

“అట్లనా. మొగంలో పోలికలు ఉండాయిలే.”

“ఏమయ్యా... నేను నీకు అక్కనా?”

“...చెప్పు అక్కా. బయ్యన్నకు చెప్పు.”

“అయ్యో, ఏందమ్మా, ఏడుస్తాండావు? నేనే కదిలిస్తినే. మరదలంటే అంత ప్రాణమా? పాపం, ఏం జబ్బు చేసి పోయిందమ్మా?”

“జబ్బేం లేదన్నా. మొగునికి సంచి సర్దతా సర్దతా, ఇప్పుడే పోయింది.”