శని, ఆదివారాల సంతకాలు

రాయదుర్గంలో మూలకణాలు పెంచే ఒక ల్యాబ్. రెండు రోజుల సెలవు తర్వాత సోమవారం పొద్దున, రిజిస్టర్‌కు అటు మేనేజరు సురేంద్ర, ఇటు కణాలు పెంచే ప్రశాంతి.

“పెట్టను సార్.”

“రెండే సంతకాలమ్మా ప్రశాంతీ. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి.”

“ఆ రెండు రోజులు ల్యాబ్ మీరే బంద్ పెట్టిన్రు. కణాలకు ఫీడ్ చెయ్యకుండనే చేసిన అని ఎట్ల రాయాలె?”

“శుక్రవారమే గ్రోత్ ఫ్యాక్టర్ డబుల్ డోసు పోయించినా కదా!”

“రెండు రోజుల అన్నం ఒక్కపూట తింటే రెండో రోజు ఆకలి కాదా? ఇంక్యుబేటర్ వేడికి ఒక్క రోజులనే దాని పస పోతది. రోజూ కొత్తది పొయ్యాలె.”

“పోయకపోతే ఏమి, చచ్చిపోతాయా?”

“చస్తే ఫికర్ లేదు, పారేస్తం. మారుతయి సార్. పిండం మూలకణాలు ఇవి. ఆ ఫ్యాక్టర్ ఉన్నంతసేపే ఏదీ కాకుండ ఆగి ఉంటయి. లేకుంటే ఒకటి చర్మం బాట, ఒకటి నరం బాట పడతది. మళ్ల ఎనకకు రావు.”

“నాకే పాఠమా?”

“పాఠమే. రేపు మందులు పరీక్షించేటోళ్లకు ఇవే పోతున్నయి. మారినవాటి మీద పరీక్ష చేస్తే వచ్చేదంత అబద్ధమే.”

“ఉద్యోగం మీద ఆశ లేదా?”

“ఉంది. మస్తుగుంది. సంతకం మాత్రం పెట్టను.”

“అసలు యాడ మారినాయి? పొద్దున మైక్రోస్కోపులో నా కండ్లతో చూసినా. గుండ్రంగా, అంచులు మెరుస్తా ముద్దుగా ఉన్నాయి!”

“పన్నెండు ప్లేట్లూ చూసిన్రా?”

“ఒకటి చూస్తే చాలదా? అన్నిటికీ ఒకే డోసు పోసినాం.”

“ఏది చూసిన్రు?”

“పైనుండేది. మూత మీద ఎర్ర చుక్క ఉంది. రెండు రోజులు దాని మొగం చూసినోడు లేడు, అయినా ఎట్లుందో చూడు. ఇంగేమంటావు?”

“ఎర్ర చుక్కదేనా సార్?”

“అదే. సెలవుల్లో లోపలికొచ్చినోళ్లకు ఉద్యోగంలో అదే ఆఖరి రోజని గేటు దగ్గర రాయించినా. ఒక్కరూ రాలేదు.”

“రిజిస్టర్ జర గిట్లియ్యున్రి సార్.”

“ఆ, అట్లా రా దారికి.”

“ఎర్ర చుక్క ప్లేటుకు పెడుతున్న, రెండు సంతకాలు. నా దగ్గర మిగిలిన ఫ్యాక్టర్ దానొక్కదానికే సరిపోయింది. శనివారం వచ్చిన, ఆదివారం వచ్చిన. మిగిలిన పదకొండు మీరు చూసి, మీరే పెట్టున్రి.”