ఒంటబట్టని మాత్ర

హలో… ఆ, నేనే పాపా. అమ్మనే. సుంకప్ప అంగడి కాణ్నుంచి.

…ఆయాసం ఏం లేదు. హైదరాబాదు నుంచి చంద్రిక ఫోను అంటే బిన్నాబిన్నా నడిచొచ్చినా, అంతే.

…సుంకప్పా, ఆ రేడియో రవంత తగ్గించప్పా. నీ పాటలు హైదరాబాదు దాకా పోతాండాయి.

ఆ, చెప్పు. పరీక్ష అయిపాయనా? … పాసయినావు. … మంచిది.

…సంతోషమే పాపా. నా గొంతు ఇట్లనే ఉంటాది ఇప్పుడు. ఏడ్చేకీ నవ్వేకీ ఒకటే గొంతు.

ఇంగ నువ్వు డాక్టరువా? … సూదులేసే డాక్టరు కాదు, తెలుసులే. మాత్రల మీద చదివిన డాక్టరు. … పెద్దసార్లు ఏమడిగినారు?

…ఈ పనిలోకి ఎట్ల వచ్చినావనా.

…నువ్వేం చెప్పినావు?

…

మీ నాయన పేరు చెప్పినావా. అంతమంది ముందర.

…కోపం కాదు. ఓబులేసు అనే పేరు ఈ ఊర్లో ఎవరన్నా నోటితో అని శానా ఏండ్లాయ. అందుకే.

…చెప్పు. నిదానంగా చెప్పు. … ఆ. … అబ్జా— ఏంది? … ఇంగోసారి. … నాకు నోరు తిరగదు, తెలుగులో చెప్పు.

…ఒంటబట్టేదా?

అట్ల చెప్పు మరి. తిన్నది ఒంటబట్టిందా లేదా అని. మేక డొక్కలు చూసి నేనే చెప్తా గదా, దానికి అన్నేండ్లు చదవల్లనా?

…నవ్వు, నవ్వు. నువ్వన్నా నవ్వు.

…గుర్తుండాది. మీ నాయన పోయినప్పుడు తొమ్మిదో తరగతి నువ్వు. మాత్రలిచ్చే నర్సమ్మ మన గడపలో నిలబడి, "క్షయ మాత్రలు మింగింటే బతికేవాడు, మింగలేదు" అనె. నువ్వు అడ్డమొచ్చి, "మింగినాడు. మింగింది యాడికి పోయింది?" అని అడిగితివి. పెద్దోళ్ల మాటల్లో నీకేం పని అని ఆయమ్మ గదిమె.

…ఇన్నేండ్లూ అదే అడుక్కుంటా పోయినావా?

…యాడికి పోతాదంట మరి?

…ఊ. … కొందరికి రక్తంలోకి దిగదు. పేగుల్లోనుంచి అట్లనే బయటికి పోతాది. … కడుపు నిండా తిని మింగితే ఇంకా తగ్గుతాది.

…కడుపు నిండా.

…సంగటి తినే మింగేవాడు పాపా. నెయ్యేసిన ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి. మాత్ర వేడి, ఖాళీ కడుపున మింగితే పేగులు కాల్తాయని ఊరంతా అనేది. ఇప్పటికీ అదే మాట.

…అదొక్కటే కారణమని గట్టిగా చెప్పలేవా. … ఆ పొద్దు ఆయప్ప రక్తం చూసినోళ్లు లేరు గదా. … సరే. తెలియదంటే తెలియదనే చెప్పు. అదే మేలు.

…ఏడ్వలేదు. సుంకప్ప టీ ఇచ్చినాడు, తాగతాండా.

పాపా, ఒక మాట. మీ చిన్నాయన జయరాముడు మంచాన పడినాడు. … అదే. క్షయే. మాత్రలు మింగతానే ఉండాడంట. తెమడ పరీక్షలో పురుగు ఇంకా కనపడతాండాదంట. దిబ్బలో పారేస్తాండాడు అంటాది ఊరు. మీ నాయనను అన్నట్లే.

…ఈ పొద్దే. సుంకులమ్మ గుడికాడ. మింగినా అని కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యల్లంట.

…ఆ, ఆ పొద్దు మీ నాయన ముందర కర్పూరం వెలిగించింది ఈ జయరాముడే. తోడబుట్టినోడు. మీ నాయన ఆర్పినాడు. నెల తిరక్కుండా పోయినాడు. అబద్ధపు ప్రమాణం చేసినాడు, అమ్మవారు తీసకపాయ అని ఊరనె. వాడూ అనె.

…అప్పటినుంచి ఆ ఇంటి గడప తొక్కలేదు నేను. నీకు తెలుసు.

…నన్నా? నన్నా పోయి చెప్పమనేది?

…

…మీ ఆసుపత్రికి పిలుచుకోని రమ్మంటావా. … రక్తం తీసి చూస్తారు. … వాడు నిజంగా పారేస్తాంటే? … ఓ. మీ ముందరే మింగించి, ఆమీట రక్తం తీస్తారా. … ఒంటబట్టకపోతే మందు మారుస్తారు.

అట్లయితే ప్రమాణంతో పనే లేదు.

…మీ నాయనకు కర్పూరమే మిగిలె.

…ఏం అడుగుతాండావు పాపా? నమ్మేదేముండాది. చెంబుతో నీళ్లిచ్చింది నేనే. పొద్దున పొద్దున గుటక పడేది వినేదాన్ని.

…చెప్పినా. గుడికాడ అందరి ముందర చెప్పినా. పెండ్లాము మాట సాక్ష్యానికి పనికిరాదన్నారు.

…ఎవరేంది. జయరాముడే.

…

పాపా, నువ్వు రాసిన ఆ లావు పుస్తకంలో మీ నాయన పేరు వేసినావా? … మొదటి పేజీలోనే. … ఇంగ్లీషులోనా. … దాని కింద తెలుగులో కూడా రాసి తీసుకురా. ఓబులేసు. ఆ నాలుగక్షరాలు చదవగల్ను. రాత్రిబడిలో అవే ముందు నేర్పమన్నా.

…తప్పెట. నీకూ వినపడతాండాదా? గుడికాడే. మొదలుపెట్టినారు.

…

…వాడి కోసమని కాదు. వాడూ ఆర్పి, వాడూ పోతే, మీ నాయన రెండోసారి అబద్ధాలోడు అయితాడు.

…ఏం చెప్తానా? కర్పూరం ఆర్పొద్దు జయరాముడూ, నీ అన్న కూతురు పిలుస్తాండాది, రైలెక్కు అని చెప్తా. … వినకుంటే ఇంగోసారి చెప్తా.

…ఉంటా పాపా. పెడతాండా.

…

సుంకప్పా, గ్లాసు ఈడ పెట్టినా. అంగడి మూసి నువ్వూ రాప్పా. ఈ తూరి నాకొక సాక్షి ఉండల్ల.