ఇరవై ఏడో గూడు, ఖాసిం సాబ్ గారి భయం

2003 జూలై పద్నాలుగున గోరంట్లలోని మన పక్షి పరిశోధన కేంద్రంలో తాత్కాలిక క్షేత్ర సహాయకులుగా చేరిన శ్రీ ఖాసిం సాబ్ గారు, ఇరవై రెండు సంవత్సరాల నిరాడంబర సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఏటికేడు పొడిగించే ఉద్యోగం కనుక, చిన్న పొరపాటుకే ఊడిపోతుందన్న భయం వారిని మొదటి రోజు నుంచే పట్టుకుంది.

2006లో పిచ్చుకల అధ్యయనం ఆరంభమైంది. జంటగా కాపురముండే పిచ్చుకలు పెంచే పిల్లలన్నీ ఆ జంటవేనా అని, పిల్లల రక్తాన్ని ముందే తీసి ఉంచిన ఆ జంట రక్తంతో పోల్చి తేల్చాలి. చూరుల కింది చెక్క గూళ్లలో పిల్లల నుంచి చుక్క రక్తం తీసి, సీసాకు అక్కడికక్కడే చీటీ అంటించడం వారి విధి. ఒకనాడు చిలమత్తూరు దగ్గర గాలి చీటీలను ఎగరగొట్టగా, ఇరవై ఆరో గూటి సీసాలను కుడి జేబులో, ఇరవై ఏడో గూటివి ఎడమ జేబులో వేసుకొని సాయంత్రం అంటించారు.

రెండు నెలలకు ఫలితం వచ్చింది. ఇరవై ఏడో గూటిలోని నాలుగు పిల్లల్లో రెండింటికి తండ్రి వేరు! ఖాసిం సాబ్ గారి గుండెల్లో రాయి పడింది. ఆ జంట కలిసి గడ్డిపరకలు మోయడం కళ్లారా చూసిన మనిషి. పక్షులను అనుమానించాలని తోచనే లేదు, తానే జేబులు తారుమారు చేశానని నమ్మారు. మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగోనాడు అధ్యయనం నడిపే శాస్త్రవేత్త డాక్టర్ భారతి గారి ముందుకు వెళ్లి నిలబడ్డారు.

"తప్పు నాదే మేడమ్. సీసాలు యాడో కలగలిపినా. నన్ను తీసేసినా సరే, ఆ జంటను మాత్రం చెడ్డగా రాయొద్దండి."

"సీసాలు మారింటే తల్లి కూడా కలవదు కదన్నా! నాలుగూ ఆ తల్లివే. నీ తప్పేం లేదు."

అయినా భయం తీరలేదు. అదే జంట మళ్లీ పిల్లలు చేసినప్పుడు గూటి ఎదుటే చీటీలు అంటించి, ఫలితం కోసం బిక్కుబిక్కుమంటూ నెలన్నర గడిపారు. మూడింటిలో ఒకటి మళ్లీ వేరే మగపక్షిదే. ఆ రోజు భారతి గారితో గూటి దగ్గరికి వెళ్తే, ఆ జంటలోని మగపిచ్చుకే తర్వాతి విడత పిల్లలకు పురుగు కరచుకొని వచ్చింది.

"ఎవురి బిడ్డలని అడగల్యా మేడమ్ అది. నోరు తెర్సినదానికంతా పెడతాండాది" అన్నారు ఖాసిం సాబ్ గారు, కళ్లు తుడుచుకుంటూ.

2010లో ఉద్యోగం స్థిరపడింది, భయం మాత్రం పోలేదు. మొన్న కొత్త సహాయకురాలు షాహిదా గారికి సీసాల పెట్టె తాళాలు అప్పగిస్తూ కూడా, "ఎంత గాలొచ్చినా జేబుల్లో ఏసుకోవద్దమ్మా" అని మూడుసార్లు చెప్పారు.

వారు సతీమణి దాదాబీ గారితో ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని, తమ ఇంటి చూరు కింద పిచ్చుకలు గూడు పెడితే, చేతిలో ఏ సీసా లేకుండా, ఏ భయమూ లేకుండా వాటిని చూస్తూ కూర్చోవాలని మనసారా కోరుకుంటున్నాము.